ఎరుపు అని రాసింది

వాన వెలిసిన స్ప్రూస్ అడవిలో వెలుగు ఆకాశం నుంచి రాదు.

నేల నుంచి వస్తుంది.

నాచులోంచి. రాత్రంతా నీళ్లు తాగిన నాచు, పొద్దున తన పచ్చదనాన్ని మెల్లగా వదులుతుంది... ఆ వెలుగులోనే దారి చూసుకోవాలి.

ఆ పచ్చదనంలో ఎక్కడో ఒకచోట, కూలిన మాను పక్కన — ఒక రంగు.

నారింజ తొక్క రంగు. ఊదగానే కణకణలాడే నిప్పు రంగు.

నిజానికి చావు రంగు అనాలి దాన్ని. అది కనబడిన చోట మాను చచ్చిపోయి చాలా ఏళ్లయి ఉంటుంది. లోపల కూర్చుని ఆ మానును పొడిపొడిగా తింటున్నదే, శరదృతువులో ఒక్కసారి, ఆ రంగై బయటికి వస్తుంది.

సైమి ఆ రంగు కోసం ఇరవై ఏళ్లు నడిచింది.

ఆమె గ్రంథాలయం బస్సు నడిపేది. ఫిన్లాండ్ ఉత్తరాన, కైనూ సీమలో, ఊరికీ ఊరికీ మధ్య అడవి తప్ప ఇంకేమీ లేని చోట. ఒక మజిలీకీ ఇంకో మజిలీకీ మధ్య అరగంట మిగిలితే చాలు, బస్సు పక్కకు ఆపి, రబ్బరు బూట్లు తొడుక్కుని, అడవిలోకి దిగేది. చదువు కూడా ఆ బస్సులోదే. ఎవరూ అడగని లావుపాటి పుస్తకాలు. ఆమే తీసుకునేది, ఆమే ముద్ర వేసుకునేది, గడువు దాటితే తన మీద తనే విసుక్కునేది.

పెళ్లి లేదు. పిల్లలు లేరు. అడిగితే, తీరిక దొరకలేదనేది.

మానుకు చెవిలా అతుక్కుని పెరిగే పుట్టగొడుగును అక్కడ కాపా అంటారు. కాపాలు వందల రకాలు. అడవి బతకాలంటే మాత్రం రెండింటిని విడదీయడం తెలియాలి.

ఒకటి కావి కాపా. అది ఎక్కడైనా మొలుస్తుంది. ఎండిన కొమ్మ మీద, నిన్నమొన్న విరిగిన మాను మీద. దాన్ని చూసి ఎవరూ ఆగరు.

ఇంకొకటి కెంజాయ కాపా. అది రంపం చూడని అడవిలోనే ఉంటుంది. మాను తనంతట తాను ముసలిదై, తనంతట తాను కూలి, మరో కాపా దాన్ని సగం తిని వదిలేశాక — అప్పుడు, ఆ ఎంగిలి ఇంట్లోకి, ఇది వస్తుంది.

ముదిరినా, వానకు నానినా, రెండూ ఒక్కలాగే ఉంటాయి.

కన్ను మోసపోతుంది. వేలు మోసపోతుంది.

చుక్క మోసపోదు.

సైమి జేబులో ఒక సీసా ఉండేది. ఒకప్పుడు కంటి మందుది. ఇప్పుడు అందులో గాఢమైన క్షారం. పొరపాటున ఎవరూ ముట్టుకోకుండా ఎర్ర టేపు చుట్టి, దాని మీద రాసింది — ‘కంట్లో వేసుకుంటే కాపాలు కూడా కనబడవు’. ఆమె హాస్యం అంతవరకే.

కాపా ముక్క మీద ఒక్క చుక్క.

కావి కాపా అయితే ఊదాకి తిరుగుతుంది. వంకాయ తొక్క ఊదా.

కెంజాయ కాపా అయితే ఎర్రబడుతుంది. తెగిన వేలి ఎరుపు.

ఊదా అంటే కొట్టుకోవచ్చు. ఎరుపు అంటే ఆగాలి. ఎర్రబడిన చోట కోత ఆపి, చుట్టూ గీత గీసి, ఆ అడవిని దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. జిల్లా అటవీ కార్యాలయం పట్టికలో అలా వదిలేసిన అడవులు నలభై ఒకటి, సైమి పేరు మీద. పక్షులు, నాచులు, పువ్వులు వెతికేవాళ్లు వేరే ఉన్నారు. ఎరుపు మాత్రం ఆమెదే.

కార్యాలయం ఆమెను ఎన్నడూ మళ్లీ అడగలేదు. సైమి ఎరుపు అంది అంటే ఎరుపే.

ఒక అలవాటు మాత్రం ఉండేది ఆమెకు. మాను మీద మూడు నాలుగు కాపాలు ఉంటే ఒకటి కోసి, ఎండబెట్టి, రాజధానిలోని మ్యూజియానికి పంపేది. ఒక్కటే ఉంటే కోసేది కాదు. గోటితో ఆవగింజంత గిల్లి, చుక్క వేసి, చూసి, వచ్చేసేది.

ఉన్నది ఒక్కటి. దాన్నీ కోసుకుపోతే ఇక దేన్ని కాపాడినట్టు?

ఊరి కొట్లో కాఫీ బల్ల దగ్గర కలప లారీలవాళ్లు ఆమెను చూడగానే మొదలుపెట్టేవాళ్లు.

“ఏం సైమమ్మా, ఇవాళ మా పొట్ట మీద ఏ రంగు పోశావు?”

“ఊదానే లేవయ్యా. నీ కాఫీకి ఢోకా లేదు.”

“అమ్మయ్య. ఇంకో బన్ను పట్రండ్రా.”

వాళ్లు నవ్వేవాళ్లు. ఆమె నవ్వేది. తిట్టుకున్నా నమ్మేవాళ్లు. ఆమె ఎరుపు అంటే లారీ తిప్పుకుని పోయేవాళ్లు.

అలా ఇరవై ఏళ్లు.

కైసు ఇల్లు రోడ్డుకు చివరి ఇల్లు. ఆ తరవాత రోడ్డు లేదు. అడవి ఉంది.

ఆ అడవికి పేరు కూడా లేదు. కైసు ఇంటి వెనకది, అంతే.

కైసు భర్త అక్సెలి. పదకొండేళ్ల కిందట, అక్టోబరులో, అడవి అవతలి చిత్తడి నేలలో క్రాన్‌బెర్రీలు ఏరుకొస్తానని బకెట్టు పట్టుకుని వెళ్లాడు. మధ్యాహ్నానికల్లా వస్తానన్నాడు. చారు వేడిగా ఉంచమన్నాడు.

రాలేదు.

ఊరంతా వెతికింది. కుక్కలు వెతికాయి. సైనికులు చేతులు చేతులు పట్టుకుని వరస కట్టి వెతికారు. సైమి బస్సు ఆపేసి నాలుగు రోజులు వెతికింది. బకెట్టు కూడా దొరకలేదు. పందొమ్మిదో రోజున మంచు పడింది. అందరూ ఇళ్లకు వెళ్లారు.

సమాధి లేదు. చర్చి వెనక రాయి లేదు. ఆ అడవే సమాధి.

ఆ అడవిలో లింగన్‌బెర్రీలు ఎర్రగా పరుచుకుని ఉంటాయి ప్రతి సెప్టెంబరులో. కైసు ఒక్కటి కోయదు. ఏ చెట్టు కింద ఉన్నాడో. ఏ వేరు ఆయన్ని పట్టుకుని ఉందో... ఊళ్లోవాళ్లూ కోయరు. పళ్లు అక్కడే పండి, అక్కడే మెత్తబడి, మంచు కిందికి పోతాయి.

ఆ సంవత్సరం ఆగస్టులో అడవి సొంతదార్లు — ఎక్కడో దక్షిణాన ఉన్న వారసులు, ఒక్కసారైనా ఆ నేల తొక్కనివాళ్లు — చెట్లు అమ్మేశారు. హద్దు చెట్లకు గులాబీ రంగు ప్లాస్టిక్ పట్టీలు కట్టి వెళ్లారు ఎవరో.

కైసు ఫోను చేసింది. సైమి వచ్చింది.

వంటింటి బల్ల మీద రొట్టెల సంచి. అందులో ఒక నారింజ రంగు ముక్క.

“చూడవే. నువ్వు చెప్పేది ఇదేగా?”

“ఎక్కడిది అక్కా?”

“వాగు పక్కన పడిపోయిన స్ప్రూస్ లేదూ, దాని మీద. కోశానని తిట్టకు, ఇంకా మూడున్నాయి అక్కడ. నాలుగు రోజులు వెతికితే దొరికింది. పదకొండేళ్ల నించి ఆ అడవిలోకి అడుగు పెట్టని దాన్ని, దీని కోసం వెళ్లాను. చెప్పు. అదేనా?”

“ఆగు. చూడనీ.”

“అడవి నాది కాదు, నాకు తెల్సు. వాళ్ల చెట్లు, వాళ్ల ఇష్టం. కానీ సైమీ... ఆ కోత బండి చక్రాలు మా ఆయన మీదినించి పోతుంటే, ఆ చప్పుడు వింటూ ఇక్కడ కూచుని కాఫీ తాగమంటావా నన్ను?”

సైమి సీసా తీసింది.

కైసు పొయ్యి వైపు తిరిగింది. చూడలేక. కాఫీ గిన్నెను అటు జరిపింది, ఇటు జరిపింది. ఆమె భుజాలు రెండూ చెవుల దాకా బిగుసుకుని ఉన్నాయి.

చుక్క పడింది.

ఒక్క క్షణం ఏమీ లేదు. తడి. అంతే.

తరవాత అంచు నుంచి, మెల్లగా —

ఊదా.

వంకాయ ఊదా. సందేహం లేని ఊదా. ఇరవై ఏళ్లలో ఎన్ని వందల సార్లు చూసిందో ఆ ఊదాని.

“ఏ రంగు?” అంది కైసు. తిరగకుండానే.

అబద్ధం ఆడాలని సైమి అనుకోలేదు. ఆ సంగతి తరవాత ఎన్నిసార్లు తల్చుకున్నా అంతే. అనుకోలేదు. కైసు భుజాల్ని చూసింది. చూస్తుండగా నోరు అనేసింది.

“ఎరుపు.”

అని, ఆ ఊదా మీద బొటనవేలు పెట్టి, నొక్కి ఉంచింది.

కైసు పొయ్యి పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. మోకాళ్ల మీద అరచేతులు పెట్టుకుని, ఊపిరి తీసి వదిలింది. పదకొండేళ్లుగా బిగబట్టిన ఊపిరిలా ఉంది అది.

సైమి వేలు మండుతోంది. క్షారం చర్మాన్ని తింటోంది. తియ్యలేదు.

కారులో కూర్చుని కాగితం నింపింది. తేదీ. చోటు. మాను — స్ప్రూస్, కూలినది. చుక్క వేస్తే వచ్చిన రంగు — అక్కడ కలం ఆగింది.

ఆ ఖాళీ చోటు వేలెడంత కూడా లేదు.

ఇప్పుడైనా దిగి, తలుపు తట్టి, పొరపాటు పడ్డాను అక్కా అనొచ్చు. పది అడుగులు. కిటికీలోంచి కైసు కనబడుతోంది. కాఫీ పోసుకుంటోంది. పోసుకుని, ఎన్నేళ్లుగానో చెయ్యని పని — కిటికీ దగ్గరికి వచ్చి, అడవి వైపు తిరిగి నిలబడి తాగుతోంది.

సైమి రాసింది.

ఎరుపు.

కోత ఆగింది. గులాబీ పట్టీలు విప్పేశారు.

కైసు మారిపోయింది. ఎండుటాకు పచ్చబడదంటారు. కైసు పచ్చబడింది. అడవిలోకి వెళ్లడం మొదలుపెట్టింది. మొదట అంచు దాకా. తరవాత వాగు దాకా. ఆ సెప్టెంబరు చివర్లో లింగన్‌బెర్రీలు కోసింది, పదకొండేళ్లలో మొదటిసారి. దోసిలి నిండా పట్టుకుని, అక్సెలికి చెప్పి మరీ కోశానంది.

“ఏమన్నాడు?” అంది సైమి.

“పుల్లగా ఉంటాయే, చక్కెర ఎక్కువ వెయ్యమన్నాడు.”

ఇద్దరూ నవ్వారు. నవ్వి నవ్వి కైసు కళ్లు తుడుచుకుంది.

ఆ చలికాలమంతా సైమి నిద్ర లేస్తూనే బొటనవేలు చూసుకునేది. మచ్చ మానింది. చర్మం మళ్లీ నున్నగా వచ్చింది. ఏమీ జరగనట్టే వచ్చింది.

ఒక అబద్ధం. ఒక్కటే. ఎవరి నోటి దగ్గర కూడూ తీయలేదు. చచ్చినవాడి మీద ఒక దుప్పటి కప్పింది — అంతేగా?

అంతే అనుకుంది.

అంతే అనుకుంటూ ఉంది...

మ్యూజియంలో కాపాల విభాగం చూసే ఆయన తైస్తొ. పదిహేనేళ్లుగా సైమి పంపిన పొట్లాలు విప్పేది ఆయనే. ప్రతి పొట్లానికీ చేతిరాతతో ఒక ఉత్తరం రాసేవాడు. ఎప్పుడూ కలవలేదు ఇద్దరూ. ఎంత పొందిగ్గా ఎండబెడతారండీ మీరు, అని రాశాడొకసారి. సైమి ఆ ఉత్తరాన్ని దాచుకుంది.

మరుసటి సెప్టెంబరులో ఆయన వచ్చాడు.

తనిఖీకి కాదు. ముచ్చటపడి. ఆ వైపు ఏదో పనిపడి వచ్చి, పట్టికలో ఆ కొత్త చోటు చూసి, సైమితో కలిసి ఒక్కసారైనా అడవిలో నడవాలని.

సైమి రావద్దనలేకపోయింది. ఏమని అంటుంది?

ముగ్గురు నడిచారు. ముందు కైసు — ఇప్పుడు ఆ అడవి ఆమెకు అరచెయ్యి. భుజాన కాఫీ ఫ్లాస్కు, సంచిలో యాలకుల బన్నులు. వెనక తైస్తొ, ప్రతి మాను దగ్గరా ఆగుతూ, పిల్లాడిలా మోకాళ్ల మీద పడుతూ. అందరికన్నా వెనక సైమి.

వాన వెలిసింది. నాచు వెలుగుతోంది.

వాగు పక్క మాను మీద కొత్త కాపాలు వచ్చాయి. నారింజ రంగులో. ముద్దుగా. వాటి తప్పేముంది.

తైస్తొ వంగి చూశాడు. ఇంకొంచెం వంగి చూశాడు. తన సీసా తీశాడు.

“కాఫీ పోయనా?” అంది కైసు.

చుక్క పడింది.

నీళ్ల చప్పుడు. ఎక్కడో వడ్రంగిపిట్ట.

ఊదా.

తైస్తొ లేచి నిలబడ్డాడు. మోకాళ్లకు అంటిన నాచును చాలాసేపు దులుపుకున్నాడు.

“నమూనాలు కలిసిపోయి ఉంటాయండీ సైమి గారూ,” అన్నాడు, ఆమె మొహం చూడకుండా. “ఒక సంచిలో రెండు ముక్కలు వేసుకుంటాం, అదీ ఇదీ అయిపోతుంది. నాకూ జరిగింది. ఒకసారి కాదు. నేను అలాగే రాస్తాను. ఫరవాలేదు.”

తలుపు తెరిచి పట్టుకున్నాడు ఆయన. దాటితే చాలు.

పొరపాటు. నాలుగు అక్షరాలు. పొరపాటు అందరూ పడతారు. ఈ ఒక్క అడవి పోయేది. మిగతా నలభై ఉండేవి.

సైమి ఆయన్ని చూసింది. పదిహేనేళ్ల ఉత్తరాలు ఆ మొహంలో ఉన్నాయి. ఇంకో అబద్ధం ఆ మొహానికి చెప్పాలి.

“కలవలేదు,” అంది.

“లేదండీ, ఒక్కోసారి —”

“కలవలేదు తైస్తొ గారూ. పోయినేడు కూడా ఊదానే వచ్చింది. నేను చూశాను. చూసే ఎరుపని రాశాను.”

కైసు చేతిలో ఫ్లాస్కు మూత ఉంది. దాంట్లో కాఫీ ఉంది. దాన్ని నాచులోకి వంచేసింది. మూత బిగించింది. నిదానంగా, మర వెంబడి మర.

“అదేంటో చెప్పమన్నాను సైమీ,” అంది. “నాకేం కావాలో చెప్పమన్లేదు.”

ఆమె గొంతు లేవలేదు. అది ఇంకా భయంగా ఉంది.

“ఏడాది పాటు ఆయనతో మాట్లాడాను ఇక్కడ. ఇక నిన్నెవరూ కదపరని చెప్పాను. ప్రమాణం చేశాను. నీ మాట పట్టుకుని.”

బన్నుల సంచి మాను మీద పెట్టి వెళ్లిపోయింది.

తరవాత తైస్తొ, కారు దగ్గర, తాళం చెవులు అరచేతిలో తిప్పుతూ అన్నాడు — “ఆ మాట నాతో అనకుండా ఉండాల్సింది మీరు. పొరపాటంటే సరిపోయేది. ఇప్పుడు నేను రాయాలి.”

“రాయండి.”

“ఏం జరుగుతుందో తెలుసా మీకు?”

తెలియదు. ఆమెకు తెలియదు. నిజం చెప్పింది కదా. చెప్పినందుకు గుండె ఒక నిమిషం తేలికైంది కూడా.

ఒక్క నిమిషం.

నవంబరులో వచ్చింది కోత యంత్రం. ఆరు రోజులు.

కైసు ఎక్కడికీ పోలేదు. కిటికీ దగ్గర కూర్చుని ఆ చప్పుడంతా విందట. పక్కూళ్లో అక్క ఉంది, రమ్మంది, పోలేదట. వినాల్సింది నేనే అందట.

వసంతంలో మంచు కరిగాక, ఆ మొద్దుల మధ్య కైసు తిరగడం మొదలుపెట్టింది. చెట్లున్నప్పుడు కనబడనిది ఇప్పుడైనా కనబడుతుందేమోనని. బకెట్టు పిడి. బూటు మడమ. ఒక గుండీ. కర్రతో కెలుకుతూ, యంత్రం చక్రాల చాళ్లలో నిలిచిన నీళ్లను తోడుతూ, మే అంతా, జూన్ అంతా.

ఏమీ దొరకలేదు.

ఏమీ.

సైమి ఒకసారి వెళ్లింది. రోడ్డు చివర కారు ఆపి దిగింది. దూరంగా కైసు వంగి ఉంది. తల ఎత్తింది. చూసింది. మళ్లీ వంగింది.

సైమి తిరిగి వచ్చేసింది.

కార్యాలయం నుంచి ఉత్తరం ఆ చలికాలంలోనే వచ్చింది. మర్యాదగా ఉంది. ఆమె పేరు మీద ఉన్న నలభై ఒకటీ మళ్లీ చూశారట. పోయినది పోగా, ఇరవై మూడింటికి మ్యూజియంలో ఎండిన ముక్క ఉంది — అవి నిలుస్తాయి. మిగతా పదిహేడింటికి ఆమె మాట తప్ప ఏమీ లేదు.

ఆమె మాట ఇక చెల్లదు.

ఆ పదిహేడూ ఒక్కటే ఉన్న చోట్లు. ఒక్కటే కాబట్టి కోయని చోట్లు. చెయ్యి రాక వదిలేసిన చోట్లు. ముద్దొచ్చి వదిలేసిన చోట్లు. అత్తెసరు బతుకుల్ని బతకనిద్దామని వదిలేసిన చోట్లు...

కోసి ఉంటే బతికేవి.

ఆ వాక్యాన్ని సైమి చాలాసార్లు అనుకుంది. బూట్లు తొడుక్కుంటూ. రొట్టెకు వెన్న రాసుకుంటూ. కోసి ఉంటే బతికేవి.

జూన్‌లో కార్యాలయం కొత్తవాళ్లను పంపింది, ఆ పదిహేడూ చూసి రమ్మని. జూన్‌లో కెంజాయ కాపా ఉండదు. మాను లోపలే ఉంటుంది, దారాలు దారాలుగా, కనబడకుండా. బయటికి వచ్చేది ఆగస్టు వానల తరవాతే. కొత్తవాళ్లు చూసి, లేదని రాశారు. వాళ్లు అబద్ధం రాయలేదు.

కొట్లో కాఫీ బల్ల దగ్గర ఇప్పుడెవరూ రంగు అడగరు. ఆమె వస్తే మాటలు ఆగుతాయి. ఒక్కరోజు మాత్రం, ఆమె వెనక, తలుపు మూసుకునే లోపల, ఒక గొంతు వినబడింది —

“రంపం పట్టకుండానే పదిహేడు అడవులు కొట్టించింది రా. మనమెందుకు దండగ.”

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఆగస్టు చివర్లో, ఒక గురువారం పొద్దున, సైమి హర్మావారా కొండకు వెళ్లింది. పదిహేడింటిలో ఒకటి. ఆమె మొదటి ఎరుపు అక్కడే చూసింది, పందొమ్మిదేళ్ల కిందట, బస్సు ఆపి, ఒంటరిగా. ఆ రోజు అరిచింది కూడా. చుట్టుపక్కల పది కిలోమీటర్ల మేర మనిషి లేడు.

యంత్రం అప్పటికే కొండ సగం ఎక్కింది.

ఆమె ఇంకా కొయ్యని వైపు నుంచి వెళ్లింది. వారం రోజులు వాన కురిసింది. మాను ఉంది. అప్పటికన్నా కుంగింది, నాచులోకి దిగింది. దాని కిందివైపు — బొటనవేలంత — నారింజ తొక్క రంగు.

నిన్నో మొన్నో పుట్టి ఉంటుంది.

ఆమె సీసా తియ్యలేదు. సీసా లేదు, పారేసింది. అక్కర్లేదు కూడా. ఆమెకు తెలుసు. ఆమెకు తెలియడం వల్ల ఇక ఎవరికీ ఉపయోగం లేదు, అంతే.

కార్యాలయానికి ఫోను చేసింది. ఒక అమ్మాయి మర్యాదగా మాట్లాడింది. మీ పేరు మీద తీసుకోవడం కుదరదండీ, ఇంకెవరైనా చూసి పంపితే తీసుకుంటాం అంది. తైస్తొకు చేసింది. ఆయన ఎత్తాడు. సోమవారం వస్తానన్నాడు. రాత్రంతా కారు నడిపైనా సరే, ఆదివారమే బయల్దేరతానన్నాడు.

గురువారం అది.

ఆమె యంత్రానికి అడ్డంగా వెళ్లి నిలబడింది. అరవలేదు. నిలబడింది.

చప్పుడు ఆగింది. డ్రైవరు దిగాడు. పేరు ఇల్పొ. ముప్ఫై ఏళ్లుంటాయి. గడ్డానికి రంపపు పొట్టు.

“పెద్దమ్మా, ఇక్కడ నిలబడకూడదు. చెట్టు మీద పడితే నా ఉద్యోగం పోద్ది, నీ ప్రాణం పోద్ది.”

“సోమవారం దాకా ఆగుతావా బాబూ?”

ఆయన ఆమెను పరకాయించి చూశాడు. గుర్తుపట్టాడు.

“నువ్వు... ఆ బస్సు నడిపే సైమమ్మవి కదూ? నా చిన్నప్పుడు ట్రాక్టర్ల పుస్తకం ఆర్నెల్లు ఇవ్వకపోతే ఏమీ అనలేదు నువ్వు.”

“ఆగుతావా?”

“రేపు సాయంత్రానికి అయిపోవాలి. సోమారం ఇంకో చోట. నేనాగితే ఇంకోడొస్తాడు. నా చేతిలో ఏముంది పెద్దమ్మా?”

ఆమె పక్కకు జరగలేదు. ఆమె అలా నిలబడి ఉండటం ఆయన చూడలేకపోయాడు. టోపీ తీశాడు. తల గోక్కున్నాడు.

“పోనీ ఎక్కడుందో చూపించు. ఏ మాను? చూపిస్తే దాని చుట్టూ తిరిగి పోతా. చక్రం తగలనివ్వను. నా మాట.”

నిజంగానే అన్నాడు. మనసులోంచి అన్నాడు.

సైమి ఆ మానును చూసింది. దాని మీద వంగి ఉన్న చెట్లను చూసింది. నూటయాభై ఏళ్లుగా ఆ నీడ కదల్లేదు. ఆ చల్లదనం ఆరలేదు. ఆ చెట్లు లేకపోతే, చక్రం తగలకపోయినా, రెండు వేసవులు... రెండు వేసవులు చాలు. పగుళ్లు. తరవాత పొడి. ఇదంతా ఆయనకు చెప్పవచ్చు. చెబితే ఆ మంచి మాట కూడా ఆయన దగ్గర మిగలదు.

“అదుగో,” అంది. “ఆ ఒక్కటి.”

ఇల్పొ వెళ్లి చూశాడు. మోకాలి మీద కూర్చుని చూశాడు. “భలే ఉందే,” అన్నాడు. ఒక నారింజ రంగు రిబ్బను తెచ్చి మానుకు కట్టాడు, తనకు తాను గుర్తుండాలని. వెళ్లి యంత్రం ఎక్కాడు.

మాట నిలబెట్టుకున్నాడు. మానుకు అటు నాలుగు చెట్లు, ఇటు ఐదు. ఎంత జాగ్రత్తగా కొట్టాడంటే, ఒక్క కొమ్మ కూడా దాని మీద పడలేదు. ప్రతి చెట్టునూ పట్టుకుని, అవతలికి వంచి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టాడు.

సైమి దూరంగా మొద్దు మీద కూర్చుని చూసింది. ఆఖరి చెట్టు ఒరిగింది. ఆకాశం ఒక్కసారిగా కిందికి వచ్చింది.

మబ్బు విడిపోయింది అప్పుడే.

మాను మీద, నాచు మీద, ఆ బొటనవేలంత రంగు మీద — మొదటిసారి — ఎండ పడింది.

చాలా అందంగా ఉంది.